శ్రుతి పట్టిన వైద్యుడు

ఖర నామ సంవత్సరం, చైత్ర శుద్ధ సప్తమి, శుక్రవారం, ఉదయం ఏడున్నర గంటల వేళ.

వెలగపాలెంలో పరదేశయ్యగారి వీధి అరుగు మీద రోగులు ఇంకా ఎక్కువమంది చేరలేదు. కోదండరామస్వామి గుడి ధర్మకర్త సుబ్బరాజుగారు మాత్రం ఎండ ముదరకముందే వచ్చి, కండువాతో విసురుకుంటూ అరుగు అంచున కూర్చున్నారు. ఎల్లుండే నవమి. స్వామి కల్యాణానికి సన్నాయి ఎవరు పడతారో తేల్చుకుని వెళ్లాలని ఆయన వచ్చారు.

"ఏం గవరయ్యా, ఆయాసం ఎలా ఉంది? ఈ ఏడైనా వాయిస్తావా?" అని అడిగారు.

గవరయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. మందుపెట్టె పక్కన కూర్చున్న జగన్మోహనం ముఖంలోకి చూశాడు.

"నాకెలా ఉందండీ, బాబూ?" అన్నాడు.

సుబ్బరాజుగారు పకపకా నవ్వారు. జగన్మోహనానికి మాత్రం ఆ మాట మెడలో దండ వేసినట్టే ఉంది. రాత్రి పర్వాలేదనీ, తెల్లవారుజామున కాస్త పిల్లికూత వినిపించిందనీ, హోమం పొగలో కూర్చుని సన్నాయి ఊదడం ఈ ఏడు కూడా కుదరదనీ అతనే జవాబు చెప్పాడు. గవరయ్య తలూపాడు. తలూపాడే గాని, అతని వేళ్లు మాత్రం అరుగు స్తంభం మీద ఊరుకోలేదు. సన్నాయి మీద రంధ్రాలు మూసి తెరిచినట్టు ఒకదాని తర్వాత ఒకటి లేచి పడుతున్నాయి.

లోపల కల్వంలో మందు నూరుతున్న చప్పుడు ఆగింది.

పరదేశయ్యగారిది వైద్యుల ఇల్లు. ఆ ఇంటి ముత్తాతగారి ఇద్దరు కొడుకుల్లో ఒకరికి మందుపెట్టె, ఒకరికి సన్నాయి దక్కాయట. అప్పటి నుంచీ ఒక శాఖ నాడి చూస్తే, ఇంకో శాఖ మేళం నడిపింది. గవరయ్య ఆ రెండో శాఖవాడు, పరదేశయ్యగారికి వరసకి పినతండ్రి కొడుకు. రెండు శాఖలకీ ఉమ్మడిగా మిగిలిన ఆచారం ఒక్కటే. ఆ ఇంట పుట్టిన పిల్లవాడు మందు నూరడం నేర్వాలన్నా, సన్నాయి పట్టాలన్నా, ముందు కొన్నాళ్లు మేళంలో కూర్చుని శ్రుతి పట్టాలి. పరదేశయ్యగారూ చిన్నప్పుడు పట్టారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కారు. రాములవారి ముందు దీపం ఎందుకు పెడతామని అడుగుతామా!

జగన్మోహనం ఆ ఇంట పుట్టలేదు. అన్నవరం దగ్గర హెడ్మాస్టరుగారి అబ్బాయి. ఆయుర్వేద కళాశాలలో చదివి, పటం కట్టించుకునే పట్టా పుచ్చుకుని, ఆ పైన పరదేశయ్యగారి హస్తవాసి గురించి విని, ఇక్కడే ఉండి నేర్చుకుంటానని వచ్చాడు. మందు చెయ్యడంలో, నాడి పట్టడంలో అతనికి వంక పెట్టడానికి లేదు. గురువుగారు శ్రుతి సంగతి ఎత్తలేదు. అతనికీ దాని సంగతి తెలియదు.

రెండేళ్ల కిందట ఇదే నవమినాడు, ఇదే పందిట్లో, గవరయ్యకి ఊపిరి అందలేదు. సన్నాయి చేతిలోంచి జారింది. మనిషిని మంచం మీద వేసి మోసుకొచ్చారు. ఆ రోజే గురువుగారు అతని వైద్యం జగన్మోహనానికి అప్పగించారు. అతను ఆ పని ప్రాణం పెట్టి చేశాడు. చూర్ణం తన చేత్తోనే తేనెలో రంగరించి నాకించేవాడు. అడ్డసరం కషాయం వేడి తనే చూసి గ్లాసు అందించేవాడు. ఏం తినాలో, ఏ పక్కకి తిరిగి పడుకోవాలో చెప్పేవాడు. సన్నాయికి గుడ్డ చుట్టించి అటక ఎక్కించాడు. గవరయ్య ఒక్క మాటా జవదాటలేదు. అంత బుద్ధిమంతుడైన రోగి జిల్లాలో ఉండడని జగన్మోహనం తోటి వైద్యులకి ఉత్తరాలు కూడా రాశాడు.

అయినా ఆయాసం తగ్గలేదు. పైగా కొత్త చిక్కొకటి వచ్చింది. గవరయ్య తన ఇంట్లో ఉన్నంతసేపూ ఎగఊపిరే. ఈ అరుగు ఎక్కితే నిమ్మళం. పోపు పొగ లేచినా, పక్కింట్లో సున్నం వేసినా, మనిషి రొమ్ము పట్టుకుని ఇక్కడికే పరుగు. ఆఖరికి పడకే అరుగు మీదికి మారింది. అతని భార్య సీతాలు పొద్దున్నా సాయంత్రం కేరేజీ పట్టుకొస్తూ, "మా ఆయన్ని మీకు దత్తతిచ్చేశాననుకోండమ్మా" అని వరాలమ్మగారితో అంటూ ఉండేది. వరాలమ్మగారంటే పరదేశయ్యగారి ఇల్లాలు. అలా అన్నప్పుడు సీతాలు నవ్వేది. కళ్లు మాత్రం నవ్వేవి కావు.

జగన్మోహనం ఈ సంగతి ఒకసారి గురువుగారి దగ్గర ఎత్తాడు. మందు మంచిదే, రోగీ మంచివాడే, మరి లోపం ఎక్కడుందో తెలియడం లేదన్నాడు. గురువుగారు చూర్ణం వేలికి రాసుకుని నాలుకకి తగిలించి చూశారు. మందు బాగుందన్నారు. తిరిగి కల్వం ముందు కూర్చున్నారు.

ఇప్పుడు సప్తమి పొద్దున్న, సుబ్బరాజుగారు అసలు మాట చెప్పారు. నిరుడు కాకినాడ మేళం వచ్చింది. ఈసారి కూడా వాళ్లే వాయిస్తే, స్వామి కల్యాణానికి సన్నాయి పట్టే హక్కు వాళ్లకే రాసిచ్చేద్దామని కమిటీలో అనుకుంటున్నారు. తరతరాలుగా గవరయ్య ఇంటిది ఆ చోటు. తన నోటితో ఆ మాట చెప్పవలసి వచ్చినందుకు ఆయన కండువా అంచు వైపే చూస్తూ చెప్పారు.

గవరయ్య వేళ్లు స్తంభం మీద ఆగిపోయాయి.

పరదేశయ్యగారు లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. సాయంత్రానికి కబురు చేస్తామని చెప్పి ధర్మకర్తని సాగనంపారు. తర్వాత మందుపెట్టె తెరిచి, కరక్కాయ ముక్క ఒకటి తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

"బుగ్గన పెట్టుకో. అది మెత్తబడేదాకా నోరు తెరవకు."

కరక్కాయ ముక్క మెత్తబడడమంటే మాటలు కాదు. ఏ దగ్గుకో ఇస్తున్నారు కాబోలనుకుని జగన్మోహనం బుగ్గన పెట్టుకున్నాడు. నోరంతా వగరెక్కింది. అప్పుడు గురువుగారు గవరయ్య ఎదురుగా చాప మీద కూర్చున్నారు.

"ఒరే గవరా, ఊపిరి ఎలా ఉంది?"

గవరయ్య అలవాటు చొప్పున జగన్మోహనం వైపు తిరిగాడు. అక్కడ ఉబ్బిన బుగ్గ తప్ప ఇంకేమీ కనబడలేదు. మళ్లీ అన్నగారి వైపు చూశాడు. అన్నగారు వీధిలోకి చూస్తున్నారు, తొందరేమీ లేనట్టు. వీధిలో పందిరికి తాటాకులు వేసుకుపోతున్న బండి కిర్రుకిర్రుమంటూ వెళ్లింది. అది మలుపు తిరిగిపోయింది కూడా.

జగన్మోహనానికి ప్రాణం మీదికి వచ్చింది. అతని నాలుక చివర నాలుగు జవాబులున్నాయి. ఉమ్మేద్దామా అనుకున్నాడు. గురువుగారి ముందు ఉమ్మలేడు.

"ఇప్పుడు బాగానే ఉందన్నయ్యా," అన్నాడు గవరయ్య. తన గొంతు తనకే కొత్తగా వినబడ్డట్టు ఆగాడు. "బాగానే ఉంది. పొద్దున్న లేవగానే ఇక్కడ బిగిసింది. లేచి కూర్చుంటే పోయింది."

ఆ తర్వాత ఆనకట్ట తెగినట్టయింది. పొగలో కూడా తేడా ఉందని చెప్పాడు. కర్రల పొగ కాసేపు తట్టుకోగలడట, సాంబ్రాణి మాత్రం ముక్కు దగ్గరికి రాకూడదట. రొమ్ము బిగుసుకునే ముందు మెడ వెనక దురద పుడుతుందట. అది పుట్టగానే కదిలితే ఆయాసం రాదని ఒకటి రెండుసార్లు అనిపించిందట గాని, డాక్టరు బాబు చెప్పలేదు కదా అని కదలలేదట. వాళ్ల బావమరిది వచ్చి ఆస్తి మాట ఎత్తిన రాత్రి మాత్రం ఏ పొగా లేకుండానే ఊపిరాడలేదట. ఆ మాటకి లోపలి గుమ్మంలో నిలబడ్డ వరాలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇదంతా రెండేళ్లుగా తన ఎదుటే కూర్చున్న మనిషిలో ఉంది. జగన్మోహనం వగరు మింగుతూ విన్నాడు. మధ్యలో రెండు చోట్ల గవరయ్య పొరపాటు పడ్డాడు కూడా. చన్నీళ్లు మంచివన్నాడు, అదీ ఇదీ కలిపి చెప్పాడు. గురువుగారు అప్పటికప్పుడు దిద్దలేదు. అంతా విన్నాక, మాటల్లో మాటగా, గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకోమన్నారు. ఊపిరి వదిలేటప్పుడు సన్నాయి పీకలోకి ఊదినట్టు పెదవులు బిగించి, నెమ్మదిగా, పొడుగ్గా వదలమన్నారు. అది గవరయ్యకి కొత్తగా నేర్పవలసిన పని కాదు. అతను ఒక్కసారి వదిలి చూసి, "ఇదా!" అన్నాడు.

"కల్యాణానికి వాయించాలని ఉందా?" అని అడిగారు గురువుగారు.

గవరయ్య ఈసారి ఎవరి ముఖమూ చూడలేదు. కళ్లనీళ్లు తుడుచుకుని, భయంగా ఉందన్నాడు. అయినా ఉందన్నాడు.

మర్నాడు అష్టమి. ఇల్లంతా హడావుడి. అటక మీంచి సన్నాయి దిగింది. గవరయ్య అల్లుడు పైడిరాజు డోలుకి తాళ్లు బిగించాడు. చూర్ణం ఎంత తీసుకోవాలో గవరయ్య చేతనే గోటితో తీయించి, తేనెలో కలిపించి, పొట్లం అతన్నే మొలకి కట్టుకోమన్నారు గురువుగారు. ఎప్పుడు కదలాలి, ఎప్పుడు మందు నాకాలి, ఎంతకీ తగ్గకపోతే ఎప్పుడు పరుగున రావాలి, ఈ మూడూ గవరయ్య నోటితోనే చెప్పించుకున్నారు. అడ్డసరం ఆకు మీ కంచె మీదే ఉంది కదా, కషాయం మీ పొయ్యి మీదే కాచుకోండని వరాలమ్మగారు సీతాలుకి చెప్పారు. సీతాలు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

జగన్మోహనం ఒక మూల నిలబడి ఇదంతా చూశాడు. అతని మనసు మనసులో లేదు. పందిట్లో మనిషి పడిపోతే ఎవరిది పాపం? తను పక్కనే ఉండాలనీ, మందు తన దగ్గర కూడా ఒకటి ఉంచుకుంటాననీ గురువుగారిని బతిమాలుకున్నాడు.

గురువుగారు సరేనన్నారు. లోపలికి వెళ్లి, పాత పట్టుగుడ్డలో చుట్టి ఉన్న శ్రుతి పెట్టె తెచ్చి అతని ఒళ్లో పెట్టారు. చేత్తో తిత్తి నొక్కుతుంటే ఒకే స్వరం పలికే చెక్కపెట్టె అది. మూడు తరాల అరచేతులు రాసుకుని దాని అంచు నున్నబడి ఉంది.

"పక్కనే ఉండు. ఇది పట్టుకుని ఉండు," అన్నారు. "వాళ్లు ఆగినా నువ్వు ఆగకు. వాళ్లు పరుగెత్తినా నువ్వు పరుగెత్తకు."

పట్టా పుచ్చుకున్న వైద్యుడు, హెడ్మాస్టరుగారి అబ్బాయి, ఊరందరి ముందూ మేళంలో కూర్చుని పెట్టె నొక్కడమా అని అతనికి ఒక్క క్షణం చురుక్కుమంది. గవరయ్య ముఖం చూశాక ఆ మాట నోటిదాకా రాలేదు.

నవమి ఆదివారం పొద్దున్న నుంచే ఊరు ఊరంతా కదిలింది. కావిళ్లతో పానకం వచ్చింది. కొత్త తాటాకు వాసన, మామిడి తోరణాలు, విసనకర్రల గాలి. పిల్లలు వడపప్పు గిన్నెల చుట్టూ ఈగల్లా మూగారు. కల్యాణవేదికకి ఎడమపక్క జంపఖానా మీద గవరయ్య మేళం కూర్చుంది. ఎదురుగా కాకినాడ మేళం సిద్ధంగా ఉంది, కమిటీ వాళ్లు ముందుజాగ్రత్తగా పిలిపించినదే. వాళ్ల పెద్ద సన్నాయి పీకని నాలుకతో తడుపుకుంటూ, వచ్చేపోయేవాళ్లకి నమస్కారాలు పెడుతున్నాడు.

జగన్మోహనాన్ని మేళంలో చూసి ఆడవాళ్లు గుసగుసలాడారు. కాలేజీ చదువు వదిలేశాడా ఏమిటి అని ఎవరో అన్నారు. అతను చెవులు ఎర్రబడి, తల వంచుకుని తిత్తి నొక్కాడు. స్వరం నిండుగా లేచింది. గవరయ్య కళ్లు మూసుకుని దాన్ని ఒక్క క్షణం విన్నాడు. సన్నాయి ఎత్తాడు.

మొదటి గమకానికే జనం సర్దుకుని కూర్చున్నారు. రెండేళ్ల తర్వాత ఆ ఊరి గాలి ఆ ఊరి సన్నాయిలోకి వెళ్లింది మరి. మోహన రాగం పందిరి తాటాకుల మీద పాకుతున్నట్టుంది. అతను ఇదివరకులా పొడుగు పొడుగు తానాలు తీయలేదు. చిన్న చిన్నగా పలికి, ఆగి, డోలుకి సందిచ్చి, మళ్లీ అందుకున్నాడు. ఆ ఆగడం కూడా బాగుంది. స్వామి ముందు నిలబడి మాటలు వెతుక్కుంటున్నట్టు ఉంది.

అభిజిత్ లగ్నం దగ్గరపడింది. అప్పుడు గాలి తిరిగింది. సముద్రం వైపు నుంచి వచ్చిన పైరగాలి హోమం పొగనంతా తెచ్చి మేళం మీద పోసింది. వెనకాలే సాంబ్రాణి ధూపం కూడా వచ్చింది.

జగన్మోహనం చూశాడు. గవరయ్య ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. మెడనరాలు తేలాయి. ఒక చెయ్యి సన్నాయి వదిలి మెడ వెనక్కి వెళ్లింది. అంతే, జగన్మోహనానికి తను ఎక్కడున్నాడో గుర్తులేదు. తిత్తి వదిలేశాడు. మొలలో దాచుకున్న మందు పొట్లం కోసం రెండు చేతులా తడుముకున్నాడు.

శ్రుతి కుంగిపోయింది.

చీకట్లో గోడ పట్టుకుని నడుస్తున్నవాడికి గోడ తప్పిపోయినట్టు గవరయ్య ఉలిక్కిపడ్డాడు. స్వరం జారింది. సన్నాయి పీక కీచుమంది. ఆ కీచు వెనక అతని రొమ్ములోని పిల్లికూత ముందు వరసవాళ్లందరికీ వినిపించింది. విసనకర్రలు ఆగాయి. సీతాలు లేచి నిలబడింది. ఎదుటి జంపఖానా మీద కాకినాడ పెద్ద తన సన్నాయి పెదవుల దాకా తెచ్చుకున్నాడు. గవరయ్య బెదిరిన కళ్లతో మళ్లీ జగన్మోహనం ముఖంలోకే చూశాడు.

జగన్మోహనం గురువుగారి కోసం వెతికాడు. ఆయన జనంలో కూర్చుని పానకం తాగుతున్నారు. లేవలేదు. గ్లాసు పట్టుకున్న చేతి చూపుడువేలు మాత్రం పైకీ కిందకీ ఆడించారు, తిత్తి నొక్కినట్టు.

జగన్మోహనం పొట్లం వదిలేశాడు. చెయ్యి మళ్లీ తిత్తి మీదికి వెళ్లింది. గట్టిగా నొక్కింది. స్వరం మెల్లగా లేచి, నిలబడి, నిండింది.

అది నిండాక గవరయ్య కళ్లు అతని మీంచి తొలగాయి. సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాడు. పైడిరాజుకి సైగ చేశాడు. డోలు ఒక్కటే అందుకుంది, దబదబా, ఉరుము తరిమినట్టు. జనం అది అక్కడ ఉండవలసిన ఘట్టమే అనుకున్నారు. గవరయ్య నెమ్మదిగా లేచాడు. పందిరికి కంత వదిలిన చోటు చూసుకుని, గాలి వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. పెదవులు బిగించి పొడుగ్గా ఊపిరి వదిలాడు. మొలలోంచి తన పొట్లం తీసుకున్నాడు. చెంబులో వెచ్చని నీళ్లు సీతాలు అందించబోతే, ఉండమని సైగ చేసి, మందు నాకాక తనే తీసుకున్నాడు. మళ్లీ ఊపిరి వదిలాడు.

వేదిక మీద అర్చకులు మంగళసూత్రం పళ్లెంలోంచి తీశారు. అందరికీ కనబడేలా పైకెత్తి, నలుమూలలకీ చూపిస్తున్నారు. సూత్రధారణ క్షణానికి గట్టిమేళం మోగాలి. ఆ క్షణం ఎవరి కోసమూ ఆగదు. కాకినాడ పెద్ద కళ్లు సూత్రం మీద, పెదవులు పీక మీద ఉన్నాయి.

పొగకి జగన్మోహనం కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. లే గవరయ్యా అని అరవాలనుంది, వద్దు గవరయ్యా అనీ అరవాలనుంది. బుగ్గన ఏమీ లేకపోయినా నోరు వగరెక్కింది. నొక్కుతూనే ఉన్నాడు.

గవరయ్య పొగ వైపు చూశాడు. సూత్రం వైపు చూశాడు. తన రొమ్ము మీద చెయ్యి వేసి, లోపలివాళ్లని పలకరించినట్టు ఒక్క క్షణం తల వంచాడు. తర్వాత వచ్చి జంపఖానాకి ఆ చివర, పొగ తగలని వైపున, జగన్మోహనానికి వీపు పెట్టి కూర్చున్నాడు. సన్నాయి లేచింది.

గట్టిమేళం మోగింది. అక్షతలు వాన కురిసినట్టు కురిశాయి. ఎవరు ఎవరి మీద చల్లుతున్నారో తెలియలేదు. వరాలమ్మగారు చేతులు జోడించే ఉన్నారు, అక్షతలు వెయ్యడం మరిచిపోయారు. ఎదుటి మేళం పెద్ద తన సన్నాయి కిందికి దించి, తాళం వెయ్యడం మొదలుపెట్టాడు.

తలంబ్రాలయ్యాక ఆ పెద్దమనిషే ముందుగా వచ్చాడు. తన భుజం మీది పట్టుకండువా తీసి గవరయ్యకి కప్పాడు. ఊపిరి ఎక్కడ తీసుకున్నావో నాకే దొరకలేదయ్యా అన్నాడు. హక్కు మాట ఇక ఎత్తవద్దని కమిటీ వాళ్లకి తనే చెప్పాడు. జనం గవరయ్యని చుట్టేశారు. జగన్మోహనాన్ని ఎవరూ పలకరించలేదు. అతను ఒక పక్కన కూర్చుని, కొయ్యబారిన చేతిని రెండో చేత్తో ఒత్తుకుంటూ, శ్రుతి పెట్టెకి గుడ్డ చుట్టాడు.

సాయంత్రం చల్లబడ్డాక సుబ్బరాజుగారు పానకం బిందె పట్టించుకుని పరదేశయ్యగారి ఇంటికి వచ్చారు. కల్యాణంలో ఆయనా, భార్యా పీటల మీద కూర్చున్నారు గనక, మేళం వైపు తల తిప్పే వీలు లేకపోయిందట. విన్నదంతా చెప్పి చెప్పి మురిసిపోయారు. ఆఖరున హఠాత్తుగా గుర్తొచ్చినట్టు అడిగారు.

"ఇంతకీ శ్రుతి ఎవరు పట్టారండీ? మధ్యలో ఒక్కసారి తప్పినట్టనిపించింది. ఆ తర్వాత అసలు వినపడనే లేదు."

పక్కనే నిలబడ్డ జగన్మోహనం ముఖం పాలిపోయింది.

"వినపడలేదా?" అన్నారు పరదేశయ్యగారు. "అయితే బాగా పట్టాడు."

మర్నాడు సోమవారం పొద్దున్న, వరాలమ్మగారు అలవాటు కొద్దీ కషాయం గిన్నె పొయ్యి మీద పెట్టారు. గవరయ్య రాత్రి తన ఇంట్లోనే పడుకున్నాడు. అతను పడుకునే చోట అరుగు ఖాళీగా ఉంది. పరుగున వస్తే ఈపాటికి వచ్చే వేళ అయింది. వేళ దాటింది కూడా. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ ఏదో పని ఉన్నట్టు వీధి గుమ్మం దాకా వెళ్లి వచ్చారు. జగన్మోహనం కాళ్లు రెండూ చెప్పుల్లో పెట్టుకుని, అరుగు మెట్టు మీద నిలబడ్డాడు. లోపల గురువుగారు మందు నూరుతున్నారు. కల్వం చప్పుడు ఆగలేదు.

గవరయ్య ఉండే మేళాల వీధి వైపు నుంచి సన్నాయి వినిపించింది. మేలుకొలుపు. కొంచెం పలికి ఆగింది. ఇంట్లో అందరి ఊపిరీ ఆగింది. మళ్లీ పలికింది.

వరాలమ్మగారు పొయ్యి మీంచి గిన్నె దించారు. కడిగి, గూట్లో బోర్లించారు.

జగన్మోహనం చెప్పులు విడిచి అరుగెక్కాడు. అప్పటికే ఒక ముసలావిడ నడుం పట్టుకుని వచ్చి చాప మీద కూర్చుంది. అతన్ని చూడగానే, నాకేమిటో చెప్పు నాయనా అంది. అతను నోరు తెరవబోయి, మందుపెట్టె తెరిచాడు. కరక్కాయ ముక్క ఒకటి తీసి బుగ్గన పెట్టుకుని, ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు.